గమ్ముపెట్టె

చదివేవాళ్లు ముందుగా నన్ను మన్నించాలి. పలక పట్టాల్సిన వయసులో కలుపు తీశాను. యాభై దాటాక అక్షరాలు దిద్దుకున్నాను. ఒత్తు ఎక్కడ పడాలో, దీర్ఘం ఎక్కడ ఆగాలో చేతికి ఇంకా పూర్తిగా అలవాటు కాలేదు. ఒక పేజీకి ఒక పూట పడుతుంది. ఈ కథకు ఎండాకాలమంతా పట్టింది. తప్పులుంటే దిద్దుకుని చదవండి, కథ మాత్రం వదలకండి.

బొమ్మలగుట్టపల్లెకు తూర్పున ఉన్న ఎర్రగుట్టను చదును చేసి డేటా సెంటర్ కట్టారు. కిటికీలు లేని తెల్లటి కట్టడం. లోపల మనుషులు తక్కువ, యంత్రాలు ఎక్కువ. ఆ యంత్రాలు పనిచేస్తున్నంతసేపూ పొయ్యి మీది పెనంలా కాగుతుంటాయట. వాటిని చల్లార్చడానికి మిద్దె మీద రెండు వందల అరవై పంకాలు బిగించారు. ఒక్కో పంకా ఎద్దులబండి కంటే పెద్దది. అవి ఇంకా తిరగడం మొదలుపెట్టలేదు. తిరిగితే ఊళ్లో ఏ ఇంటి మీద ఎంత హోరు పడుతుందో ముందుగా అంచనా కట్టడానికి అనంతపురం నుంచి షాహీన్ అనే ఇంజనీరు వచ్చింది.

ఆమెకు ముప్పై ఏళ్లుంటాయి. సన్నటి మనిషి, గొంతు కూడా సన్నదే. చప్పుడు కొలిచే మీటరు, దాన్ని నిలబెట్టే మూడుకాళ్ల కడ్డీ, తీగల సంచీ మోయడానికి ఊరి మనిషి ఒకరు కావాలంటే సుంకమ్మ కుదిరింది. సుంకమ్మకు నలభై ఆరేళ్లు. భర్త ఎర్రిసామి గొర్రెలు మేపుతాడు. ఒక్కగానొక్క కూతురు శివలీలను నిరుడే రాయదుర్గం దగ్గర ఇచ్చారు. ఇంట్లో ఉండేది ఇద్దరే కాబట్టి పనికి రావడానికి అడ్డం లేదు.

మూడు రోజులు తిరిగారు. కడ్డీ నిలబెట్టి, మీటరు నొక్కి, ఊపిరి బిగబట్టి నిలబడితే ఎక్కడో కోడి కూసేది. కోడి ఆగితే పిండిమర మొదలయ్యేది. పిండిమర ఆగితే పక్కింటి తిమ్మక్క తన మేకను తిట్టడం మొదలుపెట్టేది.

"నీ నోట్లో మన్ను పడ, ఆకంతా నువ్వే తింటే నీ తోబుట్టువులు ఏం తింటాయే?"

షాహీన్ మీటరు చూసి తల పట్టుకుంది. "అక్కా, ఆమె గొంతు డెబ్బై రెండు చూపిస్తోంది. నాకు ఊరి చప్పుడు అక్కర్లేదు. ఊరు పూర్తిగా ఊరుకుంటే అడుగున ఎంత ఉంటుందో అది కావాలి. పంకాల హోరును దాని మీదే లెక్క కట్టాలి."

"తిమ్మక్క నిద్రపోయినా గమ్మునుండదమ్మా, గురక పెడతాది," అంది సుంకమ్మ. ఒక్క క్షణం ఆలోచించి, "మాఘ పున్నమికి రాగలవా?" అని అడిగింది.

"ఆ రోజు ఏముంది?"

"మాకు ఊరువిడుపు. పొద్దు పొడవకముందే పొయ్యిలార్పి, దీపాలార్పి, పిల్లాజెల్లా, గొడ్డూగోదా, కోళ్లూకుక్కలూ అన్నీ తోలుకొని ఏటిగడ్డకు పోతాము. గడియారాలు కూడా ఆపేస్తాము. మళ్లా పొద్దు మునిగినాకనే వచ్చేది. మా తాతల తాతలప్పుడు ఏదో జబ్బొస్తే అట్ల చేసినారంట, అప్పటినుంచి ఏటా జరుగుతాది. ఆ పొద్దు ఊర్లో కాకి గుడా ఉండదు."

షాహీన్ ముఖం వెలిగింది. కానీ ఆ రోజు ఊళ్లో ఎవరూ ఉండకూడదన్న కట్టుబాటు ఉంది. సుంకమ్మే సర్పంచు ఓబుళరెడ్డి దగ్గరికి పోయి మాట్లాడింది. "ఆయమ్మ మన ఊరి మనిషి కాదు గదన్నా. కట్టుబాటు మనకే గానీ ఆయమ్మకు యాడిది?" ఓబుళరెడ్డి మీసం దువ్వుకుని, అదీ నిజమేనన్నాడు.

పున్నమి మరునాడు షాహీన్ సుంకమ్మ చేతులు పట్టుకుంది. "పదేళ్లుగా ఈ పని చేస్తున్నాను అక్కా. ఇంత శుభ్రమైన కొలత నాకు ఎక్కడా దొరకలేదు. నా గుండె కొట్టుకోవడం కూడా మీటరులో పడింది. అదొక్కటీ తీసేశాను." ఆ పూట సుంకమ్మ ఇంటికి నడుస్తుంటే కాళ్లు నేల మీద ఆనలేదు. చదువుకున్న అమ్మాయికి తన మాట పనికొచ్చింది.

ఫాల్గుణంలో పంకాలు తిరిగాయి.

దాన్ని చప్పుడు అనడం కూడా సరికాదు. చప్పుడైతే వస్తుంది, పోతుంది. ఇది వచ్చి కూర్చుంది. పెద్ద కందిరీగల తుట్టె ఒకటి ఊరంత పెరిగి ఇళ్ల పైకప్పుల మీద వాలినట్టు, ఆగకుండా ఒకటే హోరు. గూట్లో కంచాలు వాటంతట అవే వణికాయి. కుండలో నీళ్లు నిలకడగా ఉండేవి కావు. కోళ్లు గుడ్లు మానేశాయి. చంటిపిల్లలు పాలు వదిలేసి తలలు అటూ ఇటూ తిప్పేవాళ్లు. వీధి చివరి లింగప్ప తాతకు ముక్కు నుంచి రక్తం కారింది. మూడోవారానికి ఊళ్లో ఎవరూ ఎవరితోనూ సవ్యంగా మాట్లాడడం లేదు. నిద్రలేని కళ్లతో, ఎర్రబడిన ముఖాలతో గుట్ట మీదికి పోయి గేటు దగ్గర కూర్చున్నారు.

కంపెనీవాళ్లు పంకాలు ఆపలేమన్నారు. అర నిమిషం ఆపినా లోపలి యంత్రాలు మాడిపోతాయన్నారు. హోరును ఆపే ఉపాయం మాత్రం ఉందన్నారు. ఆ ఉపాయం షాహీన్ ప్రయోగశాలలో పుట్టింది.

ఆమె ఊరికి వచ్చి, సుంకమ్మ వాకిట్లో గొర్రెలు నీళ్లు తాగే తొట్టి దగ్గర అందరినీ నిలబెట్టింది. తొట్టి మధ్యలో ఒక వేపాకు వేసింది. ఒక చివర వేలితో నీళ్లను తట్టింది. అలలు వచ్చి ఆకును ఊపాయి. తర్వాత రెండో చివర కూడా తట్టడం మొదలుపెట్టింది. కాసేపు చేయి తప్పింది, ఆకు ఎగిరెగిరి పడింది. అప్పుడు ఆమె పెదవి కొరుక్కుని రెండో చేతిని కొంచెం ఆలస్యం చేసింది. రెండు వైపుల నుంచీ అలలు వస్తూనే ఉన్నాయి, మధ్యలో ఆకు మాత్రం కదలకుండా నిలబడిపోయింది.

"ఒక అల పైకి లేచే చోట ఇంకో అల కిందికి దిగితే నీళ్లు చదునుగా ఉంటాయి. చప్పుడూ అంతే. మీ ఇంటింటికీ ఒక పెట్టె పెడతాను. ఊరు మామూలుగా ఎట్లుంటుందో దానికి తెలుసు. మామూలు కంటే ఎక్కువ ఏది వినబడినా దానికి సరిగ్గా ఎదురు చప్పుడు పంపి చదును చేస్తుంది. రోజురోజుకూ అదే నేర్చుకుంటుంది."

"దయ్యాన్ని దయ్యంతో కొట్టిస్తావన్నమాట," అంది తిమ్మక్క.

నూట పన్నెండు ఇళ్లకు నూట పన్నెండు పెట్టెలు గోడకు బిగించారు. తెల్లటివి, కొబ్బరిచిప్పంత. అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయనీ, ఒకటి ఆగితే లెక్క తప్పి అన్నీ ఆగిపోతాయనీ షాహీన్ చెప్పింది. ఎవరైనా పీకితే మళ్లీ పెట్టే బాధ్యత కంపెనీది కాదని కాగితంలో ఉంది. ఓబుళరెడ్డి చదివించుకుని సంతకం పెట్టాడు. ఆ స్థితిలో ఉరితాడు చూపినా పెట్టేవాడే.

పెట్టెలు పనిచేసిన తొలిపూట ఊరు ఊరంతా మధ్యాహ్నమే పడి నిద్రపోయింది. సుంకమ్మ లేచేసరికి పొద్దు వాలింది. హోరు లేదు. కంచాలు కదలడం లేదు. ఆమె గోడ దగ్గరికి పోయి పెట్టెను కొంగుతో తుడిచింది. ఊళ్లో దానికి గమ్ముపెట్టె అని పేరు పడింది.

మొదట తేడా కనిపెట్టింది ఎర్రిసామి.

"ఏమే, గొర్రెల మెడల్లో గంటలు నువ్వేమన్నా ఇప్పినావా?"

"నేనెందుకు ఇప్పుతా?"

అతను పొట్టేలు మెడ పట్టుకుని గంటను ఊపాడు. నాలుక కొట్టుకోవడం కనబడుతోంది. వినబడడం లేదు. తన చెవులే చెడ్డాయనుకున్నాడు పాపం. వారం రోజులు ఎవరికీ చెప్పలేదు.

తర్వాత పిండిమర పోయింది. తిరుగుతుంది, పిండి పడుతుంది, చప్పుడుండదు. ఆ తర్వాత కుక్కలు. నోళ్లు తెరిచి మొరిగేవి, ఏమీ రాకపోయేసరికి అవే బిత్తరపోయి తోకలు ముడుచుకునేవి. జ్యేష్ఠం వచ్చేసరికి మనుషుల వంతు వచ్చింది. వీధికి ఆ పక్కనుంచి పిలిస్తే ఈ పక్కకు చేరదు. గట్టిగా పిలిస్తే అసలే చేరదు. చెవి దగ్గర నోరు పెట్టి గుసగుసలాడితే మాత్రం వినబడుతుంది. గుసగుసను పెట్టె వదిలేస్తుంది, కేకను వదలదు. గొంతు పెంచేకొద్దీ మరింత గట్టిగా పట్టుకుంటుంది.

పెట్టెల పరిధి ఊరి బయట, రోడ్డు కింద వాననీళ్లు పారే మోరీ దాకానే. మోరీ దాటితే మాట వినబడుతుంది, హోరు కూడా వినబడుతుంది. అందుకని ముఖ్యమైన మాటలుంటే జనం మోరీ దాకా నడిచేవాళ్లు. అత్తాకోడళ్లు ఒకరి వెనక ఒకరు చరచరా పోయి, మోరీ అవతల నిలబడి తిట్టుకుని, మళ్లీ మాటలేకుండా ఇంటికి వచ్చి వంట చేసుకునేవాళ్లు. తిమ్మక్క రోజుకోసారి మేకను కూడా అక్కడికి తోలుకుపోయేది. "నా తిట్లు వినకుంటే దానికి మేత ఒంటబట్టదు," అనేది. మొదట్లో నవ్వారు. తర్వాత నవ్వడానికి కూడా అంత దూరం నడవాల్సి వచ్చింది, అందుకని నవ్వడం తగ్గింది.

ఒకసారి కరెంటు పోయి గంటసేపు పెట్టెలు ఆగాయి. హోరు కొండచరియలా విరుచుకుపడింది. గుట్ట మీది పంకాలకు సొంత కరెంటు ఉంది, అవి ఆగవు. ఇన్నాళ్లూ గమ్మున ఉన్న చెవుల మీద పడేసరికి అది రెట్టింపై తోచింది. లింగప్ప తాత గోడకు తల కొట్టుకున్నాడు. కరెంటు వచ్చాక ఊరంతా పెట్టెలకు దండం పెట్టింది. ఆ తర్వాత మాట వినబడడం లేదన్న సణుగుడు కూడా ఆగిపోయింది.

సుంకమ్మకు మాత్రం మనసు ఆగలేదు. శివలీలకు ఏడో నెల. తొలికాన్పుకు పుట్టింటికి తీసుకురావాలి. ఆమె బస్సెక్కి అనంతపురం పోయింది.

షాహీన్ పనిచేసే గదికి గోడల నిండా మందపాటి నురుగు పలకలు. లోపల అడుగు పెడితే చెవుల్లో దూది కుక్కినట్టయింది. మా ఊరు కూడా ఇట్లనే ఉండాదిప్పుడు అనుకుంది సుంకమ్మ. షాహీన్ ముఖం పీక్కుపోయి ఉంది. కంప్యూటరు తెర మీద ఊరి పటం చూపించింది. నూట పన్నెండు ఇళ్లకు నూట పన్నెండు చుక్కలు.

"రావాలని నేనే అనుకుంటున్నాను అక్కా. తప్పు ఎక్కడుందో దొరికింది." ఆమె ఒక గీతను వేలితో తాకింది. తెర అడుగున, దారం పరిచినట్టు, కదలకుండా ఉంది. "ఇది మీ ఊరి మామూలు. పెట్టెకు నేను నేర్పిన మామూలు. పున్నమి రోజుది."

సుంకమ్మ ఆ గీతను చూసింది.

"అందులో మనుషులు లేరు," అంది షాహీన్. "కోడి లేదు, పొయ్యి మీద గిన్నె లేదు, దగ్గు లేదు. పంకాల హోరును అంచనా కట్టడానికి అది మంచి కొలతే. కానీ పెట్టెకు కూడా దాన్నే ఇచ్చాను. ఊరంటే ఖాళీ ఊరని దానికి చెప్పాను. మొదట్లో దానికి హోరును కొట్టేయడంలోనే తీరిక లేదు. అది బాగా నేర్చుకున్నాక మిగిలిన ఎక్కువను కూడా కొట్టేస్తోంది. దాని లెక్కలో మీరంతా ఎక్కువే."

"మళ్లా కొలువు. ఈసారి అందరం ఇంట్లోనే ఉంటాము. తిమ్మక్కను మేకతో సహా నిలబెడతాము."

"కొలవాలంటే పంకాలు అరగంట ఆపాలి. హోరులో మీ గొంతులు విడిగా దొరకవు. అడిగాను అక్కా. నాలుగుసార్లు రాశాను. అరగంట కాదు, అర నిమిషం కూడా కుదరదన్నారు. ఊళ్లో హోరు చట్టం చెప్పినంత కంటే తక్కువే ఉంది కదా, ఫిర్యాదేమిటి అన్నారు." షాహీన్ అరచేతులతో కళ్లు నొక్కుకుంది. "కాగితం మీద ఈ జిల్లాలో అన్నిటికంటే ప్రశాంతమైన ఊరు మీదే."

"అయితే తీసేయమ్మా."

"నేను తీస్తే అన్ని ఇళ్లూ హోరులో పడతాయి. మళ్లీ పెట్టరు. ఊరంతా అడిగితే తీస్తాను. అడుగుతారా?"

బస్సులో కూర్చున్నాక సుంకమ్మకు ఒక్కటే గుర్తొచ్చింది. పున్నమికి రమ్మన్నది తనే. ఆ అమ్మాయి అడగలేదు. తనే పిలిచింది, సర్పంచును తనే ఒప్పించింది, తనే మురిసిపోయింది.

మోరీ అవతల ఊరిని కూడేసి విషయం చెప్పింది. తన తప్పు కూడా దాచలేదు. జనం హోరులో తలలు వంచుకుని విన్నారు. మొదట లింగప్ప తాత కోడలు మాట్లాడింది. "మా మామ గుండెజబ్బు మనిషి. మాటలు లేకుంటే బతుకుతాడు. హోరుంటే బతకడు."

"మాట వినపడకుంటే ఏమొచ్చెలే సుంకమ్మా," అంది తిమ్మక్క. "నా మొగుడు నలభై ఏండ్లు నా మాట వినకుండానే కాపరం చేసినాడు." ఎవరో నవ్వారు. ఓబుళరెడ్డి చేతులెత్తమన్నాడు. పెట్టెలు తీయాలని ఎత్తినవి రెండు చేతులు, సుంకమ్మది ఒకటి, ఎర్రిసామిది ఒకటి.

కూతుర్ని అత్తగారింట్లోనే ఉంచమని కబురు పెట్టింది. అల్లుడు ఫోను చేశాడు. మోరీ దగ్గర నిలబడి మాట్లాడింది. వాళ్లమ్మ మంచాన పడిందనీ, చూసేవాళ్లు లేరనీ అన్నాడు. శ్రావణం మొదట్లో శివలీల బట్టల పెట్టె పట్టుకుని బస్సు దిగింది. ఊళ్లోకి అడుగుపెడుతూ "అమ్మా" అని పిలిచి, తన గొంతు తనకే చేరక నడిరోడ్డు మీద నిలబడిపోయింది. సుంకమ్మ ఆమె చెవికి నోరు ఆనించి, "ఏం కాదులే పాపా, అలవాటైపోతాది," అంది. చెప్తుంటే తనకే సిగ్గేసింది.

కాన్పుకు ఆసుపత్రికి పోవడానికి ఇంకా మూడు వారాలుంది. ఆలోపల ఏ అవసరమొచ్చినా తెలియాలి కదా అని సుంకమ్మ ఒక నులకతాడు తీసుకుని ఒక కొస కూతురి మంచానికి, ఇంకో కొస తన మణికట్టుకు కట్టుకుంది. పెరట్లో ఉన్నా వంటింట్లో ఉన్నా తాడు వెంట ఉండేది. శివలీల ఒకసారి లాగితే నీళ్లు, రెండుసార్లు లాగితే రమ్మని. ఒక్కోసారి ఊరికే లాగేది. సుంకమ్మ పోయి చూస్తే ఏమీ లేదని తల ఊపేది. ఆ పిల్లకు భయమేసినప్పుడు లాగుతోందని తల్లికి అర్థమయ్యేది.

ఆ మధ్యాహ్నం ఈనిన గొర్రె ఒకటి పిల్లను చేరనివ్వడం లేదు. ఎర్రిసామి మందతో గుట్ట వెనక ఉన్నాడు. సుంకమ్మ గొర్రె కాళ్లు పట్టుకుని పిల్లకు పాలు తాగించాలి. తాడు అడ్డం వస్తోందని మణికట్టు నుంచి ఊడదీసి గుంజకు చుట్టింది. ఎంతసేపు, అంబలి ఉడుకు చల్లారేంత సేపు. చేతులు కడుక్కుని తాడు కోసం తిరిగితే గుంజకు చుట్టిన తాడు బిగుసుకుని ఊగుతోంది. బిగుసుకుంటోంది, వదులవుతోంది, బిగుసుకుంటోంది.

ఆమె లోపలికి పరిగెత్తింది. శివలీల నేల మీద ఉంది. తాడు రెండు చేతులకూ చుట్టుకుని ఉంది. మెడ నరాలు తేలి, నోరు పూర్తిగా తెరుచుకుని అరుస్తోంది. గదిలో ఈగ ఎగిరిన చప్పుడు కూడా లేదు. ఉమ్మనీరు చాప తడిపేసి గడప దాకా పారింది.

సుంకమ్మ పక్కింటికి పోయి తిమ్మక్క జబ్బ పట్టుకుని లాక్కొచ్చింది. తిమ్మక్క ఈ ఊళ్లో సగం మందికి బొడ్డు కోసిన మనిషి. ఇప్పుడు కాన్పులన్నీ ఆసుపత్రిలోనే గానీ చేతులు మరిచిపోలేదు. వచ్చీరాగానే శివలీల కాళ్ల దగ్గర కూర్చుంది. కానీ ఆమె చేతుల్లో ఏదో తడబాటు ఉందని సుంకమ్మకు తెలిసింది. నొప్పి ఎప్పుడు పెరుగుతోందో, ఎప్పుడు ఆపమనాలో, ఎప్పుడు ముక్కమనాలో తిమ్మక్క ఎప్పుడూ చెవులతోనే పట్టేది. ఇప్పుడు ఆమె మాటిమాటికీ తలెత్తి ఆ పిల్ల ముఖం వైపు చూస్తోంది. ముక్కు అని చెప్పడానికి తొడ మీద తడుతోంది.

పొద్దు కొంచెం వాలేసరికి బిడ్డ బయటపడింది.

తిమ్మక్క కాళ్లు పట్టి తలకిందులుగా ఎత్తి వీపు మీద చరిచింది. నోట్లో వేలు పెట్టి శుభ్రం చేసింది. మళ్లీ చరిచింది. చెవి నోటి దగ్గర ఆనించి కళ్లు మూసుకుంది. అట్లా చాలాసేపు ఉంది. తర్వాత కళ్లు తెరిచి సుంకమ్మ వైపు చూసి, తల అడ్డంగా ఊపింది. బొడ్డు కోసి కట్టి, బిడ్డను పాత చీరలో చుట్టి, ముఖం మీదికి చెంగు లాగి, గోడ పక్కన పెట్టింది. తల్లికి రక్తం ఎక్కువగా పోతోంది. తిమ్మక్క రెండు చేతులూ అక్కడే కావాలి.

శివలీల తల ఎత్తింది. పెదవులు కదిలాయి. వినబడకపోయినా ఆ మాట ఏదో సుంకమ్మకు తెలిసింది.

ఏడ్చిందా?

సుంకమ్మ బిడ్డ ముఖం మీది గుడ్డ తీసింది. నోరు తెరిచి ఉంది. పొట్ట కదులుతోందో, తన చేతులే వణుకుతున్నాయో ఆమెకు తెలియలేదు. మసక గదిలో ఒంటి రంగు తెలియలేదు. చెవి పెట్టింది. ఏమీ లేదు. ఉన్నా ఏమీ ఉండదు. బతికున్న బిడ్డకూ చచ్చిన బిడ్డకూ ఈ ఇంట్లో తేడా లేదు. ఆ తేడా లేకుండా చేసింది తనే.

రోకలి తలుపు వెనక ఉంది. మొదటి దెబ్బకు పెట్టె పగిలింది గానీ దాని మీది పచ్చదీపం వెలుగుతూనే ఉంది. రెండో దెబ్బకు గోడ పెళ్ల కూడా ఊడింది.

హోరు పైనుంచి కాదు, నేలలోంచి వచ్చినట్టు వచ్చింది. కంచాలు గూట్లోంచి దూకాయి. శివలీల చెవులు మూసుకుంది. సుంకమ్మ బిడ్డ మీదికి వంగింది. హోరు తప్ప ఏమీ లేదు. ఇంకా వంగింది. ఏమీ లేదు. తిమ్మక్క చేస్తున్న పని ఆపకుండానే అరిచింది, నెలల తర్వాత ఆ గదిలో మొదట వినబడిన మనిషి గొంతు ఆమెదే.

"తిప్పే దాన్ని. బోర్లా తిప్పి వీపు రుద్దు. గట్టిగ రుద్దు."

సుంకమ్మ తిప్పింది. రుద్దింది. బిడ్డ గొంతులో ఏదో గురగురమంది. అది చెవికి వినబడింది. అక్కడ ఏదో అడ్డం పడి ఉందని అర్థమైంది. వేలు లోపలికి పోనిచ్చి, జిగురు లాగింది. ఒక తుమ్ము. ఆ తర్వాత సన్నగా, మేకపిల్ల లాగా, హోరుకు అడుగున ఎక్కడో ఏడుపు మొదలైంది. అది పెరిగింది. హోరును చీల్చుకుని గది నిండింది.

తిమ్మక్క నెత్తుటి చేతులతోనే నుదురు తుడుచుకుంది. "బతికిందాన్ని చుట్టి పక్కన పెడితినే," అంది. ఇంకొకసారి అంది. తర్వాత తల వంచుకుని పనిలో పడింది.

అప్పటికే వాకిట్లో జనం. చెవుల మీద చేతులు, చేతుల మీద తువ్వాళ్లు. సుంకమ్మ రోకలితోనే గడప మీదికి వచ్చింది. దాన్ని చూడగానే ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది.

"ఏం పని చేస్తివమ్మా," అన్నాడు ఓబుళరెడ్డి. ఆయన గొంతు బొంగురుపోయి ఎవరిదో లాగా ఉంది. "నూటా పన్నెండు ఇండ్లు. నీ ఒక్కదాని చేతికి నూటా పన్నెండు ఇండ్లు."

"మా మామకు ఏమన్నా అయితే నీ గడపలోనే పడుకోబెడతా," అంది లింగప్ప తాత కోడలు. ఏడుస్తూ అంది. "మళ్లా పెట్టరంట గదా. ఇంగ పెట్టరంట గదా."

"పెట్టరు," అంది సుంకమ్మ.

ఇంకా ఏవేవో తిట్లు. దొంగముండ అన్నారు, ఊరికి పుండు అన్నారు. ఆమె ప్రతి మాటా విన్నది. వాళ్ల నిద్ర వాళ్లది, దాన్ని తను పగలగొట్టింది. లోపల ఏడుపు ఆగడం లేదు. కాసేపటికి తిట్టేవాళ్లు ఒక్కొక్కరే ఆగి అటు చెవి తిప్పారు.

వెనకనుంచి ఒక ముసలమ్మ ఏదో అడిగింది.

"ఏం?" అంది సుంకమ్మ.

"ఏం బిడ్డ అంటాండా."

"ఆడబిడ్డ."

"వినపడల్యా. గట్టిగ చెప్పు."

"ఆడబిడ్డ," అని అరిచింది సుంకమ్మ. గొంతులో ఏదో చిరిగినట్టు మండింది. ముసలమ్మ తలూపి పక్కామెకు చెప్పింది, పక్కామె ఆ పక్కామెకు అరిచి చెప్పింది. లింగప్ప తాత కోడలు మాత్రం వినకుండానే వెనక్కి తిరిగి ఇంటి వైపు పరిగెత్తింది. గుట్ట మీద పంకాలు తిరుగుతున్నాయి. ఎండ ఇంకా ఉంది, సాయంత్రం ఉంది, రేపు ఉంది.

"అమ్మా," అని లోపలినుంచి శివలీల పిలిచింది. నీరసపు గొంతు. "ఈ హోరులో పాప ఎట్ల నిద్రపోతాది?"

సుంకమ్మ రోకలి గోడకు ఆనించి, కూతురు పిలిచిన వైపు నడిచింది.

— మేకల చౌడమ్మ, అరవై ఆరేళ్లు. ఇప్పుడు ఉండేది గుత్తిలో, రైలు పట్టాల పక్క వీధిలో.